తట్టి లేపే చెయ్యి

ఎనభైల మొదట్లో అమలాపురంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరాను. మత్తులో ఊపిరికి ఇబ్బంది వస్తుందేమోనని, ఆపరేషన్‌కి ముందు రోగి నోరు, మెడ చూసి, నిద్ర సంగతి అడిగి మత్తు డాక్టరుగారికి చెప్పడం నా పని.

మలికిపురం కొబ్బరి వ్యాపారి ఒకాయన హెర్నియా ఆపరేషన్‌కి వచ్చారు. లావు మెడ. నోరు తెరిస్తే కొండనాలుక కనపడలేదు.

“గురక మధ్యలో ఊపిరి ఆగిపోద్దండీ. నేను తట్టి లేపుతానండీ,” అన్నారు ఆయన భార్య.

“ఒళ్ళెరగని నిద్రండీ అది,” అని నవ్వేశాను. డాక్టరుగారికి ఏదీ చెప్పలేదు.

మత్తు ఇవ్వగానే ఊపిరి ఆగింది. గొంతులోకి గొట్టం దిగలేదు. ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు.

బయట ఆవిడ నన్నే అడిగారు. “లోపల తట్టేవాళ్ళు ఎవరూ లేకపోయేరా, నర్సమ్మగారూ?”

రిటైరై చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ మావారి గురక ఒక్క క్షణం ఆగితే, నిద్రలోనే నా చెయ్యి లేస్తుంది.