నీళ్లు అడిగే వకీలు

కోకాపేటలో మా ఆఫీసు మీటింగు గదిలోకి నిన్న బయటి న్యాయవాది ఒకాయన వచ్చాడు. పెట్టెలోంచి అప్పుడే తీసినట్టున్న నల్లకోటు, దాన్నుంచి గుప్పున కలరా ఉండల వాసన. ఆయన ఏదో ఒప్పందం గురించి చెబుతున్నాడు, నేను తలూపుతున్నాను, మనసు మాత్రం యాదగిరి సార్ దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన కోటూ ఇలాగే ఉండేది. ఈ మధ్య ఏ మీటింగులోనూ మనసు నిలవడం లేదు. అలసట అనుకుంటాను.

యాదగిరి సార్‌ది నార్సింగి. అది ఇంకా ఊరుగా ఉన్న రోజుల్లో సర్పంచిగా చేశారు, తర్వాత పూర్తిగా వకీలు వృత్తిలోకి వచ్చారు. నేను జూనియరుగా చేరేనాటికి భూసేకరణ కేసుల్లో ప్రభుత్వ ప్లీడరు. మాదేమో కోస్తా నుంచి వచ్చి మూసాపేటలో స్థిరపడిన ఉద్యోగుల కుటుంబం. పొలం గట్టు మీద నడవడం కూడా నాకు చేతకాదు. అలాంటిదాన్ని, చేరిన వారంలోనే ఒక ఫైలు చేతిలో పెట్టి పంపించారు.

"పో బిడ్డా, ఆ జాగ చూసి రా. ఆడ ఎవరినన్న నీళ్లడిగి తాగి రా."

"సీసా తెచ్చుకున్నానండి."

"నీ సీసా ఏం చెప్తది? నీళ్లిచ్చేటోళ్లు ఉంటే ఆడ మనుషులు బతుకుతున్నట్టు. ఆఫీసోళ్ల రిపోర్టు తర్వాత చూద్దం."

అదీ ఆయన పద్ధతి. కోర్టుకు ఒక్క ముక్క రాయాలన్నా ముందు ఆ నేల మీద నీళ్లు తాగాల్సిందే. ఎండలో తిరిగి తిరిగి నాకు ప్రాణం విసిగిపోయేది. "మీ సారుకు దాహం ఎక్కువట కదా" అని తోటి జూనియర్లు ఆటపట్టించేవారు. ఊరివాళ్లకైతే ఆయనంటే గుర్రు. సర్పంచిగా భూములు కాపాడతానన్న మనిషే ఇప్పుడు సర్కారు తరఫున వాటిని అడుగుతున్నాడని.

ఒకసారి రోడ్డు కోసం తీసుకునే స్థలంలో మల్లమ్మ అనే ఒంటరి ముసలావిడ ఇల్లు పడింది. ఆవిడ కోర్టుకెక్కింది. అధికారుల రిపోర్టులో మాత్రం అది ఖాళీ స్థలం. ఖాళీ అయితే ఇంట్లో ఉన్నవాళ్లకిచ్చే నోటీసు అక్కర్లేదు, యంత్రం వచ్చి చదును చేసుకుపోతుంది. సారూ నేనూ వెళ్లాం. ఆవిడ చెంబు కడిగి నీళ్లిచ్చింది.

"జర కూసో సారూ, ఎండల వచ్చిన్రు. రోడ్డు ఏస్తరంట కద, ఇగ నేనేడికి పోవాలె?"

సార్ నీళ్లు తాగి, ఖాళీ చెంబు ఆవిడ చేతికిచ్చారు. ఆయన మొహం చూడడానికి నాకు కష్టమనిపించింది.

విచారణ రోజు కోర్టు వరండాలో ఒక అధికారి ఆయన్ను పక్కకు పిలిచాడు. "ఖాళీ అని చెప్పేయండి సార్. ఇంతకీ మీరు ఎవరి వైపండీ?"

"సర్కారు వైపే. అందుకే సర్కారుతోని అబద్ధం చెప్పియ్యను."

స్థలం ఖాళీయేనా అని జడ్జిగారు అడిగారు. "కాదండి. అక్కడ ఇల్లుంది. ఆ ఇంట్లో నీళ్లు తాగి వచ్చాను" అన్నారు సార్. వేరే చోటు చూపించేదాకా ఆవిడ ఇంటి జోలికి పోవద్దని ఉత్తర్వు వచ్చింది.

ప్లీడరుగా గడువు తీరగానే సార్‌ను ఆ పదవిలో కొనసాగించలేదు. ఊరి నుంచి పలకరించడానికి కూడా ఎవరూ రాలేదు. మల్లమ్మకు ఎక్కడో దూరంగా ఇంటి జాగా ఇచ్చారు, ఆ ఇల్లు చివరికి రోడ్డు కిందకే పోయింది. నాకు ఉక్రోషం ఆగలేదు. "ఇంతా చేసి ఏం మిగిలిందండి?" అని అడిగేశాను. ఆయన కోటు విప్పి కుర్చీకి వేశారు.

"ఇల్లు పోయింది బిడ్డా. కానీ ఆమె అసలు లేనే లేదని రాయనియ్యలే."

సార్ పోయి కొన్నేళ్లయింది. నేనిప్పుడు కంపెనీలు కొనే భూముల్లో చిక్కులున్నాయో లేదో చూసి న్యాయాభిప్రాయాలు రాసే ఉద్యోగంలో ఉన్నాను. నిన్న ఆ మీటింగు అయ్యాక మా టీమ్‌లో అమ్మాయి, కొనబోయే ఒక స్థలాన్ని ఉపగ్రహం తీసిన ఫొటో తెరమీద పెట్టి, "ఖాళీయే మేడం, క్లియర్‌గా ఉంది. సైన్ చేసేయండి" అంది. మోకాళ్లు నొప్పి, బయట ట్రాఫిక్, ఇంటికి పోయి పడుకోవాలని ఉంది. నిజం చెప్పాలంటే సార్ మీద కోపమొచ్చింది. నాతో చదువుకున్నవాళ్లంతా సంతకం గీకి, టీ తాగి, హాయిగా ఇంటికి పోతున్నారు. ఆ సుఖం నాకు లేకుండా చేసింది ఆయనే.

ఆ స్థలానికి దారి అడిగి, నీళ్ల సీసా బల్ల మీదే వదిలేసి, కారు తాళాలు తీసుకుని లేచాను.