వక్క నమలకుండా ఇచ్చిన వరస

పెరుమాళ్ళ ముందు దీపం పెట్టి ఇంకా కళ్ళు తెరవలేదు, ఫోను మోగింది. మా చిన్న చెల్లెలి భర్త.

"వదినా, నాయన పోయినాడు" అన్నాడు.

అతన్ని కన్న తండ్రి అతని చిన్నతనంలోనే కలకత్తాలో పోయారు. కాబట్టి పోయింది మా మామ. దీపానికి ఇంకోసారి దణ్ణం పెట్టుకుని చెప్పులు వేసుకున్నాను.

నేను వెళ్ళేసరికి అత్త గడప దగ్గర కూర్చుని ఉంది. చేతిలో చక్కెర డబ్బా. "కాఫీలో చక్కెర చాలలేదన్నాడు పెద్దపాపా. తెచ్చే లోపల పోయినాడు. కడసారి కూడా నా మీద తప్పే చెప్పి పోయినాడు చూడు" అంది. అత్త వాడిపట్టి అనే ఊరి వైపు మనిషి. ఆమె ఏడుపు కూడా తగాదాలాగే ఉంటుంది.

మామ మా అమ్మకు తమ్ముడు, బిడ్డలు లేనివాడు. కోయంబత్తూరు మిల్లులో ఫిట్టరు. మిల్లు మూతపడ్డాక ఆయనకు మిగిలిన ఉద్యోగం ఒక్కటే, అది ఎవరూ ఇచ్చింది కాదు. మా వీధికి వచ్చిన కొత్తవాళ్ళకు వరస చెప్పడం.

ఆ ఉద్యోగం పెరగడానికి కారణం ఆయన ఇంటి పక్కనున్న పాత పత్తి గోడౌను. చాలాకాలం అందులో పిల్లులు కాపురమున్నాయి. తరువాత ఒక మేడం వచ్చి, సున్నం కొట్టించి, దాన్ని కళాకేంద్రం చేసింది. ఎక్కడెక్కడి కళాకారులో వచ్చి రెండు మూడు నెలలు అక్కడే ఉండాలి. బొమ్మ గీసి గోడకు తగిలించి పోతే చాలదు. వీధి జనంతో కలిసి ఏదైనా చేయాలి. జనం చెయ్యి అందులో పడాలి.

మేడం ఇదంతా మామకు తమిళంలో ఓపికగా చెప్పింది. మామ అంతా విని, "సరిమ్మా. వచ్చేవాళ్ళు మాకు ఏమవుతారు?" అన్నాడు.

"కళాకారులు."

"అది వాళ్ళు చేసే పని. మాకు ఏమవుతారు?"

మేడం తన కాగితాలు తిరగేసింది. జవాబు మామ దగ్గర ఉంది.

చదివేవారిలో మా వైపు వారికి ఇది కొత్త కాదు. బడిలో అరవం, ఇంట్లో తెలుగు. అక్షరాలు రాని తెలుగును మేము పిలుపుల్లో దాచుకున్నాం. మా వీధిలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. "వరస లేనివాణ్ణి ఏమని పిలిచేది? పిలవకుండా అన్నానికి రమ్మని ఎట్ల చెప్పేది?" అనేవాడు మామ. అందుకని ఎవరు దిగినా ముందు మామ ముందు నిలబడాలి. ఆయన చొక్కా జేబులోంచి వక్క తీసి నోట్లో వేసుకునేవాడు. నములుతూ మనిషిని చూసేవాడు. వీధిలో ఎవరికి ఏ చుట్టం కొరతగా ఉందో ఆలోచించేవాడు. వక్క నలిగాక వరస చెప్పేవాడు. ఇక దానికి తిరుగు లేదు.

జర్మనీ నుంచి ఒక పొడుగాయన మా ఇళ్ళ చప్పుళ్ళు రికార్డు చేయడానికి వచ్చాడు. మామ అతన్ని ఎదురింటి అమ్మాయికి అన్న అన్నాడు. ఆ అమ్మాయికి అన్నదమ్ములు లేరు, చంకలో బిడ్డ ఉంది. మా వైపు చెవులు కుట్టేటప్పుడు బిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెడతారు. పాపం, పొడుగాయన పంచ కట్టుకుని పీట మీద మోకాళ్ళు చెవుల దాకా ముడుచుకుని కూర్చున్నాడు. కంసాలి ఆచారి సూది తీసేసరికి బిడ్డ ఏడ్చింది. మేనమామ అంతకంటే గట్టిగా ఏడ్చాడు. పక్కన రికార్డరు తిరుగుతూనే ఉంది. చివర్లో కేంద్రంలో అందరికీ వినిపించింది ఆ చప్పుడే. ఏ ఏడుపు ఎవరిదని వీధి చాలా రోజులు వాదించుకుంది.

ఢిల్లీ ఆవిడ ఒకరు మామకు చెల్లెలయింది. ఆమె ఇంటింటా పాత చీరలు అడిగి తెచ్చి, వీధికి అడ్డంగా తాళ్ళు కట్టి వేలాడదీసింది. ఆడవాళ్ళ బతుకుల గురించి ఆమెకు లోతైన ఆలోచన ఏదో ఉంది. సాయంత్రం మబ్బు పట్టింది. చినుకు పడకముందే మా ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి, ఎవరి చీర వాళ్ళు తీసి, మడిచి, పెట్టెల్లో పెట్టేసుకున్నారు. ఆమె గొడుగు పట్టుకుని వచ్చేసరికి తాళ్ళు మాత్రం మిగిలాయి.

"బాధపడొద్దు చెల్లీ. ఒక్క చీర తడవలా" అని మామ ఓదార్చాడు.

మామ వరస తప్పింది ఒక్కసారే.

కలకత్తా అబ్బాయి వచ్చిన రోజది. వీధంతా చూస్తుండగా మామ జేబులో చెయ్యి పెట్టాడు. వక్క లేదు. పళ్ళ డాక్టరు మాట పట్టుకుని అత్త ఆ ఉదయమే జేబు దులిపేసింది. ఇంతలో అబ్బాయి వంగి మామ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. వాళ్ళ వైపు అది మామూలు. మామ కరిగిపోయాడు.

"మా అక్కకు అంతా ఆడపిల్లలే. మగబిడ్డ కావాలని మొక్కని గుడి లేదు, పాపం, చూడకుండానే పోయింది. ఈ అబ్బోడు మా అక్క కొడుకు" అనేశాడు.

ఇంటికి వచ్చి అమ్మ ఫోటోకు చెప్పాను, నీకు కొడుకు పుట్టాడని. ఫోటో మామూలుగానే ఉంది.

ఆ అబ్బాయి పని బొంత కుట్టడం. ఇంటికొక పాత గుడ్డ తెచ్చి, అన్నీ అతికి, వీధికంతా ఒకే బొంత. ముసలమ్మలు చుట్టూ కూర్చుని కుట్టేవారు. వాళ్ళ దగ్గరే తెలుగు నేర్చుకున్నాడు. అందుకే ఆ వయసులో, "యాడికి పోయేదమ్మా, మోకాలు పట్టుకునిండాది, ఈ కాలంలో ఎవురు ఎవురిని చూస్తారు" అని మాట్లాడేవాడు. మామ తన మిల్లు ఖాకీ చొక్కా ఇచ్చాడు, ఒక షరతు మీద. జేబు మూసి కుట్టకూడదు. బొంతలో కలిసిన జేబును అత్త దులపదు కదా. అప్పటినుంచి వక్క అందులో ఉండేది. కావలసినప్పుడల్లా కేంద్రానికి పోయి, బొంతలో చెయ్యి పెట్టి తీసుకునేవాడు. వచ్చిన అతిథులు అది కూడా కళేననుకున్నారు.

మా చిన్న చెల్లెలు అవినాశిలో బనియన్ల కంపెనీ టైలరు. అమ్మ పోయాక నేనే పెంచిన పిల్ల. చూపులకు వచ్చినవాళ్ళందరికీ కాఫీ ఇచ్చి పంపేసింది. ఆదివారాలు వచ్చి బొంతకు అంచు కుట్టేది. ఒక ఆదివారం నా పక్కన కూర్చుని, "అక్కా, చేసుకుంటే అతన్నే" అంది.

నేను కళ్ళు మూసుకుని పెరుమాళ్ళను తలచుకున్నాను. కళ్ళు తెరిచాక కూడా ఆమె అక్కడే కూర్చుని ఉంది.

వీధి ఎదురు తిరిగింది. అతని భాషకు కాదు, అతను తినే చేపకూ కాదు. "అన్నను ఎట్ల చేసుకుంటాదే?" అని. అతనితో కలిసి కుట్టిన ముసలమ్మలే ఎక్కువ బాధపడ్డారు. అక్క కొడుకని మామ అందరి ముందూ చెప్పాడు. ఆ లెక్కన అతను మా తోడబుట్టినవాడు.

మామ అందరికన్నా మొండి. "బతికుండేవాళ్ళకు ఇచ్చింటే అడిగి తీసుకుందును. పోయినామెకు కొడుకును ఇచ్చి మళ్ళా లాక్కునేదా? ఏ మొగం పెట్టుకుని ఫోటో ముందర నిలబడేది?" అన్నాడు. ఆ పూట అన్నం తినలేదు. అత్త తిట్టింది, తరువాత తానూ తినలేదు.

చెల్లెలు ఆదివారాలు రావడం మానేసింది. అబ్బాయి ఊరికి టికెట్టు తీసుకున్నాడు. బొంతలో ఒక మూల కుట్టకుండా ఉండిపోయింది.

కేంద్రంలో బొంతను అందరికీ చూపించే ముందురోజు మామ ఇంటికి వెళ్ళాను. అత్త కాఫీ ఇచ్చింది. తాగాను. గ్లాసు కింద పెట్టి, "మామా, అమ్మకు మేమున్నాం. నీకే ఎవరూ లేరు" అన్నాను. అంతే. వచ్చేశాను.

మరునాడు మేడం మామకు మైకు ఇచ్చింది. మామ మైకు పట్టుకునే బొంత దగ్గరికి నడిచి, ఖాకీ జేబులో చెయ్యి పెట్టి, వక్క తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మైకులో ఆ నమలడం గోడౌనంతా వినిపించింది. చెప్పవలసింది మరిచిపోయాడేమోనని మేడం కంగారుపడింది. వీధికి తెలుసు. ఎవరూ కదల్లేదు.

"ఆ పొద్దు నా నోట్లో వక్క లేదు" అన్నాడు. "వక్క లేకుండా చెప్పిన వరస చెల్లదు. ఈ అబ్బోడు మా అక్క కొడుకు కాదు. నా కొడుకు."

మేనమామ కొడుకంటే మాకు బావ వరస. ముసలమ్మలు ముందు లెక్క వేసుకున్నారు, తరువాత చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి అత్త లేచింది.

"నన్ను ఒక మాట అడగాల్నా వద్దా? నీకు కొడుకైతే నాకూ కొడుకే కదా!" అత్త అబ్బాయిని కిందినుంచి పైదాకా చూసింది. "పుల్ల మాదిరి ఉండాడు. రేపటినుంచి నా ఇంట్లో తింటాడు."

పెళ్ళికి అబ్బాయి తల్లి వచ్చారు. పలకరిద్దామని నోరు తెరిచిన మామ ఆగిపోయాడు. అత్త పట్టుకుంది. "ఏమని పిలుస్తావు? పిలువు చూస్తాము."

"చెల్లీ అని..."

"చెల్లెలి కొడుకు అల్లుడవుతాడయ్యా! మళ్ళా పిల్లలు అన్నాచెల్లెళ్ళు అయిపోతారు. గమ్మున ఉండు."

మామ వక్క కోసం చూశాడు. పెళ్ళి పందిట్లో బొంత లేదు. చివరికి అత్తే ముందుకు పోయి ఆమె చేతులు పట్టుకుంది. "మీరు నాకు అక్క. అక్క కొడుకు నాకు కొడుకే" అంది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అత్తను కావలించుకుంది. మామ ఊపిరి తీసుకున్నాడు.

చెల్లెలూ మరిదీ ఇక్కడే ఉండిపోయారు. ఇప్పుడు కేంద్రం చూసుకునేది మరిదే. నేను పెంచిన ఆ పిల్ల ఇవాళ నవ్వుతూ తిరుగుతోందంటే, ఆ రోజు మామ తన మాట తాను వెనక్కి తీసుకోవడం వల్లనే. దీపం పెట్టినప్పుడల్లా అది గుర్తొస్తుంది.

శ్మశానంలో కాటికాపరి వెట్టియాన్, "కొరివి ఎవరు పెట్టేది? వచ్చే ఆయన ఏమవుతాడు?" అని అడిగాడు. మరిది తడి పంచతో ముందుకు వచ్చి, "కొడుకును" అన్నాడు. వెంట వచ్చినవాళ్ళలో ఒక్కరూ లెక్క వేసుకోలేదు.

కర్మలు అయిన వారంలో కేంద్రానికి కొత్త కళాకారిణి వచ్చింది. చిన్న పిల్ల, భుజాన పెద్ద సంచి. వీధి మామూలుగా గుమిగూడింది. ఎవరి వైపు చూడాలో ఎవరికీ తెలియలేదు. గుండుతో ఉన్న మరిది నా వైపు చూశాడు.

"రా చెల్లీ, కాళ్ళు..." అని మొదలుపెట్టాడు.

పక్కింటి కిటికీలోంచి అత్త గొంతు వచ్చింది. "ఆలోచించి చెప్పరా! వీధిలో కల్యాణం కావలసినోళ్ళు ఉండారు!"

మరిది నోరు మూసుకున్నాడు. మెల్లగా బొంత దగ్గరికి వెళ్ళి ఖాకీ జేబులో చెయ్యి పెట్టాడు. లోపల ఇంకా ఒక వక్క ముక్క ఉంది. తీసి నోట్లో వేసుకుని, తల కొంచెం పక్కకు వంచి, ఆ పిల్లను చూస్తూ నమలడం మొదలుపెట్టాడు. వీధి అంతా కదలకుండా నిలబడింది.