కోటమ్మ తెచ్చిన కూన

1984 చలికాలం. అప్పుడు నేను మాచర్ల దగ్గర ఒక ఊళ్లో పశువుల డాక్టర్ని. ఒకరోజు పొద్దున్నే గొర్రెల కోటమ్మ కొంగులో కూనను చుట్టుకుని వచ్చింది. మందకు కాపలా ఉండే ఆమె కుక్క ఈమధ్యే పాము కరిచి చచ్చిపోయింది.

"వాగు గట్టున బొరియలో నిన్న దొరికిందయ్యా. పాలు పోస్తే మూతి తిప్పుకుంటాంది. కానీ చానా మంచిది, చూడు ఎట్టా ముద్దులు పెడతాందో!"

కూన ఆమె నోటి చుట్టూ ఒకటే నాకుతోంది. వెడల్పు తల, పెద్ద పాదాలు, మసిరంగు బొచ్చు. కుక్కతోక వంకరంటారు, దీని తోకకు ఆ వంకరే లేదు. నాకు నవ్వూ జాలీ కలిసి వచ్చాయి.

"కోటమ్మా, ఇది తోడేలు పిల్ల. అవి ముద్దులు కావు, ఆకలి."

దానికి నెల దాటి ఉంటుంది. అది వీనింగ్ దశ, అంటే పాలు మాని మాంసానికి మళ్లే వయసు. వేటాడి వచ్చిన పెద్ద తోడేళ్ల మూతిని పిల్లలు నాకితే, అవి సగం అరిగిన మాంసాన్ని కక్కి పెడతాయి. దాన్ని రీగర్జిటేషన్ అంటాం. నేను చెప్పడం అయ్యేలోపే కోటమ్మ సద్దిమూటలోంచి ఉప్పుకండ ముక్క తీసి, మెత్తగా నమిలి ముందు పెట్టింది. కూన ఆవురావురుమని తినేసింది.

"ఇంకేంది, నేనే పెంచుకుంటా!"

"ఏడాది తిరిగేసరికి పెద్ద తోడేలవుతుంది. ఊళ్లోవాళ్లు బతకనిస్తారా? మనిషి వాసన తగిలింది కాబట్టి తల్లి మిగతా పిల్లల్ని వేరే చోటికి మార్చేస్తుంది. ఇవాళే తీసుకెళ్లి దింపాలి."

"నువ్వు డాక్టరువా, యముడివా?" అని తిట్టింది. తిడుతూనే నా స్కూటరెక్కింది.

బొరియ ముందు కూనను దింపి, వాగు అవతల రాళ్ల చాటున కూర్చున్నాం. ఎండ వాలుతుండగా తల్లి వచ్చి వాసన చూసింది. కూన దాని మూతి నాకింది. తల్లి కక్కింది, పిల్ల తింది. కోటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి.

మరుసటి చలికాలం ఆమె గొర్రెపిల్లను తోడేలు ఎత్తుకుపోయింది. గాయపడిన తల్లిగొర్రెను కోటమ్మ కుట్లకని నా దగ్గరికి తోలుకొచ్చింది. నేను ఊరుకోలేక, "మీవాడి పనేనేమో కోటమ్మా" అన్నాను.

"మావాడు అట్టాంటోడు కాదు" అంది కోపంగా. కుట్లు వేయడం అయ్యేదాకా గొర్రె తల నిమురుతూనే ఉంది. పోతూ పోతూ గుమ్మంలో ఆగింది.

"ఒకవేళ మావాడే అయితే, తల్లి మళ్లీ ఈని ఉంటది గదయ్యా. తమ్ముళ్లకు కక్కి పెట్టొద్దూ?"

గొర్రెల కాపరికి తోడేలంటే పగ తప్ప ఇంకేమీ ఉండదని ఆ తర్వాత నేనెప్పుడూ అనలేదు.