అంగిలి మీద తెల్లమచ్చ

మా మేనత్త పోయిందన్న ఫోన్, నేను టెక్కలిలో బడికి బయల్దేరుతుండగా వచ్చింది. నిద్రలోనే పోయిందట. గొళ్లెం వేసిన తలుపు మళ్లీ తీసి లోపల కూలబడ్డాను.

బారువ పక్కన సముద్రం ఒడ్డు ఊరు మాది. అక్కడి ఆడవాళ్లు చాలామంది అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని. వేటకెళ్లిన మగాళ్ల పడవల కోసం ఇసుకలో కూర్చున్నప్పుడు, అలా అయితే నిప్పు గాలికి ఆరదు. ఒకరు చుట్ట చుట్టిస్తే ఇంకొకరు అగ్గిపెట్టె అందిస్తారు, మాటలు అక్కడే మొదలవుతాయి. మావయ్య పోయాక ఎదురుచూడాల్సిన పడవ లేకపోయినా అత్త రోజూ వెళ్లి కూర్చునేది.

కొన్నేళ్ల కిందట, కారం తింటే నోరు మండుతోందని అత్త అంటే పలాసలో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన టార్చి వేసి చూసి, నాతో ఇంగ్లీషులో ఏవేవో చెప్పాడు. అత్త నా చెయ్యి గిల్లింది.

"నా నోటి సంగతి నాకు సెప్పకుండా నీకు సెప్తాడేటమ్మీ?"

ఆయన నవ్వి ఒక్కో మాటా విప్పాడు. పాలెట్ అంటే అంగిలి. లెజన్ అంటే ఈ తెల్లమచ్చ లాంటిది, క్యాన్సరే కానక్కర్లేదు. బయాప్సీ అంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం.

"పళ్లు గట్టివేనమ్మా. పైన అంగిలి కాలుతోంది. చుట్ట మానకపోతే ప్రమాదం."

తిరుగు బస్సులో అత్త జీడితోటలు చూస్తూ, "మానీడం కట్టం కాదే. మానీసి ఆల్ల మద్దిన ఎలా కూకుంటాను?" అంది. నాకు మచ్చ భయం. ఆవిడకి ఒంటరిదైపోతానని భయం.

బయాప్సీ రిపోర్టులో క్యాన్సరు లేదని వచ్చింది. అయినా మానేసింది. కొన్ని నెలలకి మచ్చ పలచబడింది. ఒడ్డుకి వెళ్లడం మాత్రం మానలేదు, చుట్టలా కనబడేలా కొబ్బరీనె ముక్క పెదాల మధ్య పెట్టుకుని కూర్చునేది.

"సీకట్లో ఎవులికి తెలుత్తాదే? అందరి నిప్పూ లోపలే కదా!" అని నవ్వేది.

ఆ తర్వాత పళ్ల మాట ఏది విన్నా నాకే ఫోన్. "రూట్ కెనాలంటే ఏటి? పక్కింటిదానికి సేత్తారంట." పన్ను పీకకుండా లోపలి కుళ్లు తీసి పూడ్చడమని చెబితే, ఆ సాయంత్రమే ఒడ్డున అందరికీ చెప్పేసేది. ఇప్పుడు ఫోన్ మోగితే అత్త కాదని ముందే తెలుసు. అయినా చెయ్యి పరిగెడుతుంది.

కర్మలన్నీ అయిన రోజు సాయంత్రం ఒడ్డుకి వెళ్లాను. చీకటి పడుతోంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరి నిప్పూ బయటికి కనబడదు. దగ్గరికి వెళితే ఆ వరసలో అత్త లేదని తెలిసిపోతుందని, దూరంగానే నిలబడ్డాను.