పడవ వేషం

సుధాకరరావుగారు రిహార్సల్ లేకుండా ఏ పనీ చేయరు. ఈ సంగతి దోహాలో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా ఉన్నారంటే వాళ్ళు నిన్ననో మొన్ననో విమానం దిగినవాళ్ళయి ఉంటారు. వాళ్ళకీ ఎంతోకాలం పట్టదు. ఏదో ఒక వేషం వాళ్ళ నెత్తిన పడితీరుతుంది.

ఆయనది కాకినాడ. చదివింది ఇంజనీరింగే అయినా ఆయన్ని మనిషిని చేసింది కాలేజీ కాదు, అక్కడి ఒక నాటక సమాజం. అందులో ఏళ్ళ తరబడి ఉన్నారు గానీ స్టేజి మీద ఒక్కనాడూ కనిపించలేదు. తెర పక్కన నిలబడి, మరిచిపోయినవాళ్ళకి మాటలందించే ప్రాంప్టరు పని ఆయనది. రిహార్సల్‌కి సరిగ్గా రాని ఒక మహారాజు నిండు సభలో నోరు తెరుచుకుని అలాగే ఉండిపోవడం కళ్ళారా చూశాక, లోకంలో సగం కష్టాలు రిహార్సల్ లేకే వస్తున్నాయని ఆయనకి గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకాన్నీ, ఒక నల్ల గొడుగునీ వెంటబెట్టుకుని, చమురు డబ్బుతో ఊరు ఊరంతా కొత్తగా లేస్తున్న ఆ రోజుల్లో కతర్ వచ్చి, ఇళ్ళ మరమ్మతులు చూసే ఒక కంపెనీలో చేరారు.

పోశన్నది జగిత్యాల దగ్గర పల్లె. సుధాకరరావుగారి కింద డ్యూటీలో చేరిన వారమే అతనికి మొదటి వేషం దక్కింది. సారుగారి భార్య కమలాదేవిగారు ఇండియా నుంచి వస్తున్నారు. ఎయిర్‌పోర్టులో ఏ పొరపాటూ జరక్కూడదు. అందుకని పోశన్న పాస్‌పోర్టు ఆఫీసరయ్యాడు. తోటి పనివాడు, గుబురు మీసాల జలంధర్ సూట్‌కేసు పట్టుకుని కమలాదేవిగారయ్యాడు. జలంధర్‌ది ఆర్మూరు. అంతకు ముందు ఆడవేషం కట్టిన పాపాన పోలేదు. ఆవిడ అలా పోలీసులా నడవదయ్యా అని సారు అతన్ని మళ్ళీ మళ్ళీ విమానం దింపారు.

నిజంగా ఆవిడ దిగిన రోజు అన్నీ అనుకున్నట్టే జరిగాయి, ఆవిడ మాట్లాడేదాకా. "ఇంత చిక్కిపోయారేవిటండీ?" అన్నారావిడ. ఆ మాట రిహార్సల్‌లో లేదు. సారు సూట్‌కేసు పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో, ఆ నాటి మహారాజులాగే నోరు తెరుచుకుని ఉండిపోయారు. చివరికి పోశన్నే వెనకనుంచి, "నీ రంధితోనే అనుండ్రి సార్," అని మెల్లగా అందించాడు. రంధి అంటే బెంగ. కాకినాడలో ఆ మాట లేదు. అయినా ఆయన అదే అనేశారు. ఆవిడకి మాత్రం అర్థమైనట్టే ఉంది.

ఇక పడవ సంగతి. ఊరికి ఉత్తరాన సముద్రం అంచునే ఒక అర్బాబ్‌గారి బంగళా ఉంది. అర్బాబ్ అంటే అక్కడ యజమాని. ఆయన పెరటి మెట్లు దిగితే చెక్కల జెట్టీ, దాని చివర నాలుగు ఇనుప స్తంభాల మీద రేకుల కప్పు, ఆ కప్పు కింద బోటు లిఫ్టు. పైదూలాల నుంచి వెడల్పాటి బెల్టులు ఉయ్యాల్లా వేలాడుతుంటాయి. పడవ వాటి మధ్యకి రాగానే వించి తిప్పితే అది నీళ్ళలోంచి లేచి గాల్లో కూర్చుంటుంది. చలికాలం గాలులకి జెట్టీ చెక్కలు ఊడిపోయాయి, స్తంభాలకి గుల్లలు పట్టాయి, వించి తుప్పెక్కి మూలుగుతోంది. బడి సెలవులివ్వగానే అర్బాబ్ పిల్లలు పడవ ఎక్కుతారు. అప్పటికి అంతా సిద్ధంగా ఉండాలని హుకుం.

చెక్కలు మారుస్తూ, గుల్లలు గీకుతూ, వించికి గ్రీజు పెడుతూ కొన్నాళ్ళు పని బాగానే సాగింది. రోజూ పని మొదలయ్యే ముందు పడవ ఎక్కించే రిహార్సల్ మాత్రం తప్పదు. జలంధర్ వించి దగ్గర. పోశన్న బెల్టులు తగిలించేవాడు. పడవగా ఒక ఖాళీ పీపా. సారు గొడుగుతో సైగ చేస్తే పీపా లేస్తుంది, ఇంకో సైగకి దిగుతుంది.

అలా ఉండగా ఒకరోజు, జలంధరూ తనూ తడిసిన దుంగ మోసుకొస్తుంటే పోశన్న కాలు జారింది. పడలేదు గానీ నడుములో ఏదో కలుక్కుమంది. కళ్ళు బైర్లు కమ్మాయి. మాట మాత్రం బయటికి రానివ్వలేదు. దానికి కారణం ఉంది. వాళ్ళ కంపెనీలో టైమ్‌కీపరు రాజనర్సు అని ఒకడున్నాడు. పనికి పనికిరాడని తోస్తే చాలు, మనిషిని మారుమాట్లాడనివ్వకుండా విమానం ఎక్కిస్తాడు. మెసయీద్‌లో సైటు మీద కాలు విరిగినవాణ్ణి కట్టు విప్పకముందే ఇంటికి పంపాడు. పోశన్న ఇంటికి గోడలు లేచాయి గానీ పైకప్పు పడలేదు. ఎల్లవ్వ ఇద్దరు పిల్లలతో తమ్ముడింట్లో ఓ మూల సర్దుకుంటోంది. ఇప్పుడు తిరిగి వెళితే ఆ గోడలు అలాగే వానకి నానిపోతాయి. అందుకని మర్నాడు పోశన్న వెదురుబద్దలా నిటారుగా నడుస్తూ, వంగాల్సిన పనల్లా జలంధర్‌కి కనుసైగతో ఒప్పజెబుతూ, ఎవరికీ తెలియలేదనుకున్నాడు.

ఆ ఉదయమే సుధాకరరావుగారు రిహార్సల్ మధ్యలో ఆపేశారు. గొడుగుతో పీపాని రెండు పోట్లు పొడిచారు.

"దీని మొహంలో భావం లేదయ్యా. ఇన్నాళ్ళూ ఎలా ఓర్చుకున్నానో నాకే తెలీదు. పోశన్నా, రేపట్నించి పడవ నువ్వే."

పోశన్నకి చిన్నతనం అనిపించింది. ఇంతకాలం సర్వీసు చేస్తే పీపా చేసే వేషమా అని లోపల గింజుకున్నాడు. కానీ మర్నాడు వెళ్ళి బెల్టుల మీద పడుకున్నాక ఆ కోపం నిలవలేదు. పైన రేకుల నీడ. కింద నీళ్ళు. సముద్రం మీంచి చల్లటి గాలి. వెడల్పాటి బెల్టులు నడుముని అరచేతుల్లా పట్టుకున్నాయి. ఈ పిచ్చి సారుకి సరిగ్గా ఇప్పుడే ఈ బుద్ధి పుట్టించినందుకు కొండగట్టు అంజన్నకి మనసులోనే కొబ్బరికాయ మొక్కుకున్నాడు.

అక్కణ్ణించి రిహార్సల్ రోజురోజుకీ పెరిగిపోయింది. పడవని ఎత్తి అలాగే ఉంచి, సారు దూరం నుంచి చూసేవారు, దగ్గర్నుంచి చూసేవారు, ఒక కన్ను మూసి చూసేవారు. ఈలోగా పడవ నిద్రపోయేది.

"గురక పెట్టకు పోశన్నా, పడవలు గురక పెట్టవు," అని గొడుగుతో తట్టేవారు. పాత్రలో ఉన్నవాడు బరువులెత్తితే పాత్ర చెడిపోతుందని అతన్ని చెక్కలు ముట్టనిచ్చేవారు కారు. మోతలన్నీ జలంధర్ మీద పడ్డాయి. వాటిలో సగం సారే రెండోవైపు పట్టుకుని మోసేవారు. అది వేరే సంగతి.

తర్వాత రంగు రిహార్సల్ మొదలైంది. ఎండాకాలానికి ముందు పడవ అడుగున రంగు వేయాలి కదా, దానికీ సాధన ఉండాలన్నారు. కమలాదేవిగారు పంపిన సీసా ఒకటి సంచిలోంచి తీసి జలంధర్ చేతికిచ్చి, పడవ అడుగున బాగా రుద్దమన్నారు. పోశన్న చొక్కా విప్పి బోర్లా పడుకున్నాడు. జలంధర్ సీసా మూత తీసి వాసన చూశాడు.

"పెయింటు గిట్ల కర్పూరం వాసనొస్తదా సార్?"

"ఇది రిహార్సల్ పెయింటయ్యా. కానివ్వు, నడుం దగ్గర ఇంకో కోటింగ్ వెయ్యి."

ఇదంతా చూసి అర్బాబ్ డ్రైవరు విరగబడి నవ్వేవాడు. అర్బాబ్ నవ్వలేదు. పిల్లలకి సెలవులు దగ్గరపడుతున్నాయి, పని మాత్రం నత్తనడక నడుస్తోంది. ఆయన కంపెనీకి ఫోన్ చేశాడు. కంపెనీ సుధాకరరావుగారికి గట్టిగా తలంటి, రెండ్రోజుల్లో పడవ ఎక్కించి తీరాలని చెప్పి, ఆ మర్నాడే రాజనర్సుని పంపింది.

రాజనర్సు వచ్చేసరికి పోశన్న గాల్లో ఉన్నాడు. రాజనర్సుని చూడగానే అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి.

రాజనర్సు జెట్టీ మీద నడుం మీద చేతులేసుకుని నిలబడి, ఈయన ఊయలూగుతుంటే కంపెనీ నెలనెలా పగారిస్తుందా అని మొదలుపెట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నీ నడుం పోయిందని నజ్మా బజార్ల అందరు చెప్పుకుంటున్నరు. నిజమేనా? దిగొచ్చి గా లంగరు లేవట్టు, చూస్త."

లంగరు జెట్టీ మీదే ఉంది. మామూలుగా అయితే పోశన్న ఒంటి చేత్తో ఎత్తేస్తాడు. అతను బెల్టు అంచు పట్టుకుని దిగబోయాడు. అంతలో గొడుగు అడ్డం వచ్చింది.

"నాటకం మధ్యలో పాత్రని దింపకూడదండీ," అన్నారు సుధాకరరావుగారు. "అయినా మీరు సమయానికొచ్చారు. సముద్రం లేక మేం నానా అవస్థా పడుతున్నాం."

రాజనర్సు చుట్టూ చూశాడు. "సముద్రం గీడనే ఉన్నది కద సార్."

"ఉందండీ, కానీ చెప్పిన మాట వినట్లేదు."

ఆ తర్వాత ఏం జరిగిందో రాజనర్సుకే సరిగ్గా అర్థం కాలేదు. కాసేపటికి అతను ప్యాంటు పైకి మడుచుకుని, జెట్టీ మెట్టు మీద మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులూ చాచి ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. పోటు వచ్చేటప్పుడు మొహంలో ఉత్సాహం కనిపించాలని, ఆటుకి కొంచెం దిగులు చాలని సారు పక్కనే ఉండి చెబుతున్నారు. డ్రైవరు వంటవాణ్ణి పిలిచి చూపిస్తున్నాడు. రాజనర్సు సిగ్గుతో చితికిపోయి, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, రేపు అసలు పడవ ఎక్కించేటప్పుడు వస్తాననీ, పోశన్న వంగి పనిచేయడం తన కళ్ళతో చూస్తాననీ చెప్పి మరీ వెళ్ళాడు.

సాయంత్రం పికప్ ఎక్కేముందు పోశన్న ఇక దాచలేకపోయాడు. తన మూలంగా సారుకి మాట వచ్చింది. రేపు తన గుట్టు బయటపడితే ఆయన కూడా ఇరుక్కుంటారు. దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"సార్, ఒక మాట చెప్పాలె. నా నడుం..."

"తప్పు పోశన్నా." ఆయన గొడుగు మడుస్తూ తలెత్తలేదు. "నీ పాత్రకి మాటల్లేవు. పడవ మాట్లాడదు."

 పీపా మొహంలో భావం, మోయనివ్వని బరువులు, కర్పూరం వాసన, అన్నీ ఒక్కసారిగా పోశన్న మనసులో వరసగా వచ్చి కూర్చున్నాయి. అంజన్నకి మొక్కిన కొబ్బరికాయలో సగం ఈయనకి ఇవ్వాలనిపించింది. కట్టుకున్న చేతులు విప్పి, సారు కోసం పికప్ తలుపు తీసి పట్టుకున్నాడు. సారు మాత్రం, ఈ పూట నీ నటన బాగుందయ్యా అని పికప్ ఎక్కేశారు.

మర్నాడు అర్బాబ్, పిల్లలు, రాజనర్సు అందరూ జెట్టీ మీదికి చేరారు. తెల్లటి పడవని డ్రైవరు నడుపుకుంటూ తెచ్చాడు. తిన్నగా బెల్టుల మధ్యకి రావలసిన పడవ చివరి క్షణంలో అడ్డం తిరిగింది. సుధాకరరావుగారికి ఒళ్ళు మండిపోయింది.

"ఇదేం పడవయ్యా. పోశన్న ఒక్కరోజైనా ఇలా అడ్డం తిరిగాడా?"

రెండోసారికి అది సరిగ్గా వచ్చింది. ముందువైపు బెల్టు కొస జెట్టీ అంచు నుంచి కిందికి జారి వేలాడుతోంది. అది అందుకుని కొక్కేనికి తగిలించాల్సింది పోశన్నే. రాజనర్సు ఒకడుగు ముందుకు వేశాడు. పోశన్న ఊపిరి బిగబట్టి వంగాడు. ఇప్పుడు కలుక్కుమంటుందని ఎదురుచూశాడు. కలుక్కుమనలేదు. ఇంకొంచెం వంగాడు. నీళ్ళని తాకుతున్న కొస అందింది. తడిసి బరువెక్కిన బెల్టుని లాగి, లేచి, కొక్కేనికి తగిలించాడు. ఒళ్ళంతా సంతోషంతో తేలికైపోయింది. కావాలని ఇంకోసారి వంగి లేచాడు కూడా.

జలంధర్ వించి తిప్పాడు. పడవ నీళ్ళు కారుస్తూ మెల్లగా లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అర్బాబ్ ఖలాస్ అని చెయ్యి ఊపాడు. పోశన్న మాత్రం రాజనర్సు వైపే చూస్తున్నాడు. అతను కళ్ళు పడవ మీదే పెట్టి, తనకి తెలియకుండానే రెండు చేతులూ ముందుకీ వెనక్కీ ఊపుతున్నాడు.

సారు అవేవీ చూడటం లేదు. ఎప్పట్లాగే స్తంభం వెనక, ఎవరికీ కనిపించని చోట నిలబడి, కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

మరుసటేడు ఎండాకాలం ముందు అదే బంగళాకి మళ్ళీ పని పడింది. పోశన్న ఇంటికి అప్పటికి పైకప్పు పడింది. మొదటిరోజు సుధాకరరావుగారు షెడ్డులోంచి పాత పీపాని దొర్లించుకొచ్చి బెల్టుల మీద పెట్టించారు.

"ఏం సార్, ఇప్పుడు దీనికి భావమొచ్చిందా?" అని నవ్వాడు పోశన్న.

"ఏడాదిగా సాధన చేస్తోందయ్యా. బాగానే ఉంది," అన్నారు ఆయన.

అంతలో జలంధర్ భుజం మీద చెక్కతో జెట్టీ మీద నడిచి వచ్చాడు. ఏమీ లేనట్టే వచ్చాడు గానీ, ఎడమకాలు వేసేటప్పుడు పెదవి కొరుకుతున్నాడు. సారు కళ్ళజోడు సర్దుకుని ఆ కాలు వంక ఒక్క క్షణం చూశారు. తర్వాత పీపా వైపు తిరిగి గొడుగుతో గట్టిగా ఒక పోటు పొడిచారు.

"లాభం లేదయ్యా, దీనికి నటన రాదు. జలంధర్, ఆ చెక్క అక్కడ పడేసి ఇలా రా."

ఎవరూ ఏమీ చెప్పకముందే పోశన్న కర్పూరం నూనె సీసా కోసం పికప్ వైపు నడిచాడు.