పంపు బంద్ చెయ్యమన్న గొంతు

మా భూగర్భ గనుల్లో ఫోను చేసినవారు పేరు చెప్పరు. "నేనే" అంటారు. అవతలివారు ఆ ఒక్క మాటతో మనిషిని పోల్చుకొని పని మాట్లాడతారు. టెలిఫోను విభాగంలో చేరిన కొత్తలో ఈ అలవాటు నాకు మింగుడుపడలేదు. ముందు పేరు, తరువాత హోదా, ఆ తరువాతే విషయం చెప్పాలని నాకు చదువు చెప్పినవారు నేర్పారు. సమావేశాల్లో ఆ మాట ఎన్నోసార్లు అన్నాను. అందరూ తలలూపారు, బాయిలోకి, అంటే గనిలోకి, దిగగానే మళ్ళీ "నేనే" అన్నారు. ముఖాలన్నీ బొగ్గుపొడితో ఒకే రంగుకు తిరిగే చోట, తలదీపం తప్ప వేరే వెలుగు లేని చోట, మనిషికి గొంతే ఆనవాలని చివరకు నేనే ఒప్పుకోవలసి వచ్చింది. అలవాటును మార్చలేనప్పుడు, ఆ గొంతును చెడగొట్టకుండా ఒక చివరి నుంచి మరో చివరికి చేర్చడం నా విధి. పదవీ విరమణ దాకా ఆ విధిని సక్రమంగా నిర్వర్తించాను. నా తరువాత అది ఎవరెవరి చేతుల్లో పడిందో తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

నేను దిగిపోయిన తరువాతి వేసవిలో పాత ఎక్స్ఛేంజీని పీకేసి, కంప్యూటర్ల నెట్‌వర్కు మీదుగా ఫోన్లు నడిపే ఏర్పాటు తెచ్చారు. గనిలోని పాత ఫోన్లను ఆ నెట్‌వర్కుకు కలిపే పెట్టెను గేట్‌వే అంటారు. ప్రారంభోత్సవానికి నన్నూ పిలిచారు. ఎండకు చెమటలు కక్కుతూ పెద్దలంతా ఆ చిన్న గదిలో కిక్కిరిశారు. పెట్టెకు పసుపు రాశారు. కుంకుమ దాని గాలిరంధ్రాల్లోకి జారింది. కొబ్బరినీళ్ళు కింద ఉన్న కరెంటు తీగల మీద చిందాయి. హైదరాబాదు నుంచి వచ్చిన కాంట్రాక్టు సంస్థ ఇంజనీరు గోడమీద ఒక పటం చూపించి, అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాల్స్ ఇదే నెట్‌వర్కులో పట్టించామని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. అంతమందిలో ఒక్కరైనా ఫోను ఎత్తి వినలేదు.

నేను ఎత్తి విన్నాను. విషయం అర్థమైంది.

గొంతును అంకెలుగా మార్చి పంపి, అవతల మళ్ళీ గొంతుగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. కోడెక్‌లలో కొన్ని గొంతును దాదాపు ఉన్నదున్నట్లు మోస్తాయి. వాటికి దారిలో చోటు ఎక్కువ కావాలి. మరికొన్ని గొంతును పిండి, నలిపి, మాట తెలిసేంత మాత్రం మిగిల్చి పంపుతాయి. వాటికి కొంచెం చోటు చాలు. ఏది ముందు, ఏది వెనుక అన్న వరుసను గేట్‌వేలో మనమే పెడతాం. రెండు పెట్టెలు కలిసినప్పుడు ఆ వరుసను పైనుంచి చూసుకొని, రెండింటికీ చెల్లే మొదటిదాన్ని పట్టుకుంటాయి. ఈ ఇంజనీరు నలిపేదాన్ని అన్నింటికంటే పైన పెట్టాడు. ఎక్కువ కాల్స్ వెనుక ఉన్న మాహాత్మ్యం అంతే. చల్లని గదుల్లో కూర్చొని మాట్లాడేవారికి దాంతో పెద్ద నష్టం లేదు. పంపులు, ఫ్యాన్లు, బొగ్గు తొట్లను లాగే హాలేజీ ఇంజన్లు మోగే చోట మాత్రం ఆ పద్ధతి చప్పుడునూ మాటనూ కలిపి పిసికేస్తుంది. ప్రతి మనిషీ నోట్లో తడిగుడ్డ కుక్కుకొని మాట్లాడినట్లే ఉంటుంది.

"మాట అర్థమవుతుంది కదా సార్?" అన్నాడు ఇంజనీరు.

"మాట అర్థమవుతుంది. మనిషి తెలియడం లేదు."

"మనిషి ఎందుకు సార్, నంబర్ కనిపిస్తుంది కదా!"

గని లోపలి ఫోన్లకు నంబరు చూపించే అద్దం ఉండదు. ఆ సంగతి కూడా కనుక్కోకుండా ఫోన్లు పెట్టడానికి వచ్చిన మనిషితో ఇంకేం మాట్లాడాలి? మా గనులన్నీ ఉన్న ఏరియాకు పెద్ద అధికారికి చెప్పాను. "తరువాత చూద్దాం" అని, ఆయన కొబ్బరిముక్క నోట్లో వేసుకున్నాడు.

వానలు పట్టాక ఆ "తరువాత" వచ్చింది. ఒక గని అడుగున, ఊటనీళ్ళు చేరే సంపు దగ్గర ఉండే పంపు ఆపరేటరు ఒకరోజు మొదటి షిఫ్టులో పంపు ఆపేశాడు. నీళ్ళు పెరిగి, పల్లంలో ఉన్న బొగ్గెత్తే యంత్రం మునిగిపోయింది. మనుషులకేమీ కాలేదు. ఆ షిఫ్టును నడిపే ఓవర్‌మెన్ ఫోను చేసి ఆపమన్నాడని ఆపరేటరు చెప్పాడు. తాను అసలు ఫోనే చేయలేదని ఓవర్‌మెన్ అన్నాడు. ఆపరేటరుకు చార్జిషీటు ఇచ్చారు. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది.

వాళ్ళిద్దరినీ నేను చాలాకాలంగా ఎరుగుదును. ఒకే బ్లాకులో క్వార్టర్లు, ఒకరినొకరు బావ అని పిలుచుకొనేవారు. సంఘటన తరువాత ఎదురుపడితే ముఖాలు తిప్పుకుంటున్నారని విన్నాను. ఆపరేటరు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఫోన్ల సంగతి నీకెరుక గద సార్. జర నువ్వన్న చెప్పు. గాయన గొంతు నాకెరుకలేదా?"

"ఏమని వినిపించింది?"

"నేనే, పంపు బంద్ చెయ్యి అన్నడు. పెట్టేసిండు."

"బావ అనలేదు కదా?"

"సాబులు పక్కకుంటే అనడు సార్. సాబులున్నరనుకున్న." తల వంచుకున్నాడు. "నౌకరి పోతదని ఫికరైతనే ఉన్నది. గాని గాయన అందరి ముంగట నన్ను అబద్ధాలోన్ని చేసిండు సూడు, గది నాకు బువ్వ పోనిస్తలేదు."

అతను వెళ్ళిన తరువాత నాకు ప్రారంభోత్సవం నాడు విన్న ఆ నలిగిన గొంతు గుర్తొచ్చింది. విచారణకు ముందురోజు మధ్యాహ్నం ఏరియా ఆఫీసులోని గేట్‌వే గదికి వెళ్ళాను. నా హయాంలో ఆ గదిలోకి చెప్పులతో రానిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు మూలంతా గుట్కా ఉమ్మి ఎర్రగా పేరుకొని ఉంది. పెట్టె మీద తాగేసిన చాయ్ కప్పులు, వాటి అడుగున ఈగలు. తీగలు జడ విప్పినట్లు నేలంతా పరుచుకున్నాయి. ప్రారంభోత్సవం నాటి కుంకుమ ఇంకా గాలిరంధ్రాల్లోనే ఉంది.

ఇంజనీరు ల్యాప్‌టాప్ ముందు కూర్చొని ఉన్నాడు. పక్కన టెలిఫోను ఆపరేటరమ్మ నడుంమీద చెయ్యి పెట్టుకొని అతన్ని కడిగేస్తోంది.

"దవాఖానల నుంచి డాక్టరమ్మ మాట్లాడుతుంటె నడుమల కోస్తివి! ఆమె నన్ను తిడుతున్నది. నువ్వేమో గీడ కూసోని టకటక కొట్టుకుంటున్నవ్."

"ఒక్క నిమిషమే కదా మేడమ్, మళ్ళీ వస్తుంది."

"నీ పెండ్లి చూపులప్పుడు గిట్లనే పిల్ల ఫోను కోస్తె తెలుస్తది నీకు."

గేట్‌వేలో ఏది మార్చాలన్నా ముందు సర్వీసు ఆపాలి. దానికి రెండు దారులున్నాయి. ఒకటి, కొత్త కాల్స్ రానివ్వకుండా తలుపు మూసి, జరుగుతున్న మాటలు వాటంతట అవి ముగిసేదాకా ఆగి, అప్పుడు ఆపడం. రెండోది, ఎవరు ఏం మాట్లాడుతున్నా పీక నొక్కి ఆపడం. ఈ మనిషికి రెండోది తప్ప తెలియదు; తెలిసినా ఓపిక లేదు. ఇలా తోచినప్పుడల్లా బలవంతంగా ఆపి మొదలుపెట్టడం వల్లనే, పంపు ఆగిన రోజు ఎవరు ఎవరికి ఫోను చేశారో చెప్పగలిగిన వివరాలు కూడా పెట్టెలోంచి చెరిగిపోయాయి.

"ఇప్పుడేం మారుస్తున్నావు?" అని అడిగాను.

అతను కాస్త నసిగాడు. "రేపు ఎంక్వైరీ ఉందంట సార్. కోడెక్ ఆర్డర్ మార్చేయమని మా మేనేజర్ చెప్పారు."

నేను చెప్పినప్పుడు అక్కరలేని మార్పు, ఒక మనిషి మెడ మీద కత్తి వేలాడుతున్నప్పుడు అక్కరకొచ్చిందన్నమాట. అది కూడా తమ తప్పు కనిపించకుండా తుడిచేయడానికి. బురదలో కాలు పెట్టినట్లు అనిపించింది. అతని చేత ల్యాప్‌టాప్ మూయించి, ఆపరేటరమ్మను కాపలా ఉంచి, నేరుగా విచారణ అధికారి దగ్గరకు వెళ్ళాను. ఆయన నిదానస్తుడు, కానీ నియమం తెలిసినవాడు. పెట్టెను ఎవరూ ముట్టుకోరాదని ఆజ్ఞ ఇచ్చి, పరీక్ష పెట్టాలన్న నా కోరికకు ఒప్పుకున్నాడు.

మరునాడు సంపు దగ్గరి ఫోను తీగను పైకి తెప్పించి, విచారణ గదిలో ఒక ఫోనుకు కలిపించాను. దారి అదే, పెట్టె అదే, వరుస అదే. హాలేజీ ఇంజను పక్కనున్న ఫోను నుంచి కొందరు ఒకరి తరువాత ఒకరు "నేనే, పంపు బంద్ చెయ్యి" అన్న అదే మాట చెప్పాలి. మాట్లాడేవారిని విచారణ అధికారే ఎంచుకున్నాడు: ఒక గుమాస్తా, ఒక ఫిట్టరు, యాజమాన్యం తరఫున ఫైళ్ళు మోస్తూ అక్కడే తిరుగుతున్న ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఓవర్‌మెన్‌ను మాత్రం పంపలేదు. ఆపరేటరును గోడకు ముఖం పెట్టి కూర్చోబెట్టి, అతనికి తెలియకుండా ఓవర్‌మెన్‌ను తెచ్చి వెనక నిలబెట్టారు. చప్పుడు చేయవద్దని సైగ చేశారు.

మొదటి గొంతు విని ఆపరేటరు తల అడ్డంగా ఊపాడు. "ఎవలో తెలుస్తలేదు సార్."

రెండోది విని, "గీయన గాదు" అన్నాడు.

మూడోది వినగానే కుర్చీలోంచి లేచాడు. "గిదే! గిదే గొంతు సార్! మా బావనే! ఇప్పుడన్న నమ్మున్రి!"

రిసీవరు చేతిలో పట్టుకొని గర్వంగా వెనక్కి తిరిగాడు. ఎదురుగా ఓవర్‌మెన్ నోరు మూసుకొని నిలబడి ఉన్నాడు. ఆపరేటరు రిసీవరును చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ రిసీవరును చూశాడు. అందులోంచి ఇంకా ఆ నలిగిన గొంతు "హలో, హలో" అంటూనే ఉంది.

"నువ్వు గీడున్నవ్. మరి గీ ఫోన్ల ఉన్నోడెవడు?"

మూడోవాడు ఆ ఎలక్ట్రికల్ ఇంజనీరే. లోపలికి పిలిపించారు. ఆ రోజు మీరు ఏ పంపుకైనా ఫోను చేశారా అని విచారణ అధికారి అడిగితే, కాసేపు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. కేబుల్ పని కోసం పక్క లెవెల్ సొరంగంలోని పంపును ఆపించడానికి ఫోను చేశానని, నంబరు తప్పు నొక్కి ఉండవచ్చని చెప్పాడు. ఆ ఫోనులో అతనూ అందరిలాగే "నేనే" అన్నాడు.

"ఇన్ని దినాలు నోట్లె ఏం పెట్టుకున్నవ్ సార్?" అన్నాడు ఓవర్‌మెన్.

"నన్నెవరూ అడగలేదు."

అది విన్నప్పుడు నాకు కలిగిన అసహ్యం ముందు గుట్కా ఉమ్మిన ఆ మూల చాలా శుభ్రమైనదనిపించింది. నంబరు తప్పు నొక్కడం ఎవరికైనా జరుగుతుంది. ఒక మనిషి మీద చార్జిషీటు పడిందని తెలిసి, ఆ చార్జిషీటు కాగితాలను తానే చంకలో పెట్టుకొని తిరగడం అందరికీ చేతకాదు.

చార్జిషీటు వెనక్కి తీసుకున్నారు. ఎలక్ట్రికల్ ఇంజనీరును పిలిచి జాగ్రత్తగా ఉండమని చెప్పారు. అంతకుమించి ఏమీ జరగలేదు. కాంట్రాక్టు సంస్థను ఎవరూ ఏమీ అడగలేదు. ఇకపై ఫోనులో అందరూ పేరు, హోదా విధిగా చెప్పాలని ఒక సర్క్యులరు మాత్రం బాయి దగ్గర గోడ మీద అంటించారు. ఒకప్పుడు నేను సమావేశాల్లో కోరిన మాటే. అయినా దాన్ని ఆ గోడ మీద చూసినప్పుడు, తమ పాపాన్ని కార్మికుల నాలుక మీద రుద్దినట్లు తోచి, చదవకుండానే ముఖం తిప్పుకున్నాను.

కోడెక్ వరుస సరిచేసే పని నా ఎదుటే జరగాలని విచారణ అధికారి రాసిచ్చాడు. రెండు రోజుల తరువాత మధ్యాహ్నం మళ్ళీ ఆ గదిలో కూర్చున్నాం. గొంతును ఉన్నదున్నట్లు మోసేదాన్ని ముందు, దారి ఇరుకైనప్పుడు మాత్రమే పనికొచ్చే నలిపేదాన్ని వెనుక పెట్టాలి. నేను చెప్పినట్లే ఇంజనీరు కొత్త కాల్స్‌కు తలుపు మూశాడు. తెరమీద నడుస్తున్న కాల్స్ ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. చివరకు ఒక్కటి మిగిలింది. అది ఎంతకూ ఆరలేదు.

"ఫోర్స్ కొట్టేద్దాం సార్. ఒక్కటే కదా."

తెరమీద ఆ కాల్ రెండు కొసలూ కనిపిస్తున్నాయి. ఒకటి అడుగున సంపు దగ్గరి ఫోను. రెండోది ఓవర్‌మెన్ గది.

ఆపరేటరమ్మ నా భుజం మీదుగా చూసి నవ్వింది. "ముట్టకు అన్నా. ఆళ్ళు మాట్లాడుకోక ఎన్ని దినాలాయె."

వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో వినే వీలు ఆ పెట్టెలో ఉంది. నేను ఎన్నడూ అలా వినలేదు, అప్పుడూ వినలేదు. ఆ నలిగిన గొంతుల్లోనే, ఆ తడిగుడ్డ మాటల్లోనే వాళ్ళు ఒకరినొకరు పోల్చుకొంటున్నారు. ఇంతకంటే మంచి ఫోను వాళ్ళకు దక్కవలసింది.

"ఇంకెంతసేపు సార్?" అన్నాడు ఇంజనీరు గడియారం చూసుకుంటూ.

"వాళ్ళు పెట్టేసేదాకా" అన్నాను. "ఈలోగా ఆ కప్పులు తీసి బయట పారేసి, బకెట్టుతో నీళ్ళు తెచ్చి ఆ మూల కడుగు."