తుపాకీతో పాటు తాంబూలం

మా ఆయన ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేశారు. అన్నేళ్లలో నన్ను పట్టుచీర కట్టుకోమని ఆయనంతట ఆయన చెప్పింది ఒక్కసారే. అదీ మోసమే.

తొంభైల్లో మాట. అప్పుడు ఆయన కొవ్వూరు పైన మెట్ట ఊళ్లలో ఒక స్టేషన్లో హెడ్ కానిస్టేబులు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. చెరుకు తోటల్లో అడవి పందులు పడతాయని ఆ ఊళ్లలో పెద్ద రైతులు చాలామంది తుపాకులు పెట్టుకున్నారు. పాత దుప్పట్లలో చుట్టి, స్కూటర్ల మీద తెచ్చి ఇచ్చేవారు. ఈయన ఒక్కోదానికీ అట్టముక్క కట్టి, పేరు రాసి, రసీదు చింపి ఇచ్చేవారు. గుడి దగ్గర చెప్పులకు కాపలా కాసే ఉద్యోగమా మీది అని నేను ఏడిపించేదాన్ని.

ఆయన నవ్వేవారు కాదు. ఇవి లైసెన్సువి కాబట్టి తెలిసింది, నాటు తుపాకులు ఎవరి దగ్గరున్నాయో దేవుడికే తెలియాలి, ఏ తలుపు వెనక ఏముందో తెలియకుండా ప్రతి తలుపూ కొట్టాలి అనేవారు. ఆ మాట అప్పుడు నా బుర్రకెక్కలేదు.

ఆ ఏడు ఒక్క పెద్దాయన తప్ప అందరూ తెచ్చిచ్చారు. ఆయనకు పక్క పొలం వాళ్లతో గట్టు తగాదా ఉంది. తుపాకీ ఇచ్చిన మర్నాడే వాళ్లు తన మీద పడతారని భయం. రెండుసార్లు కబురు పెట్టినా రాలేదు సరికదా, గుమ్మం తొక్కితే కాలుస్తానన్నాడని ఊళ్లో చెప్పుకున్నారు. కొత్తగా వచ్చిన కుర్ర ఎస్సై గారు రైఫిళ్లతో మనుషుల్ని వేసుకుని వెళ్తానన్నారు. రైఫిళ్లు చూస్తే ఆయన తూటాలు నింపుతాడు, ఆయన నింపితే మనవాళ్లు ఎక్కుపెడతారు, సాయంత్రం దాకా నాకు వదిలెయ్యండి అని మా ఆయన బతిమాలుకున్నారు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం నాకు తెలిసిందల్లా, ఈయన వేళకాని వేళ ఇంటికొచ్చి, యూనిఫాం విప్పి పంచె కట్టుకుని, తెలిసినవాళ్లింటికి వెళ్లొద్దాం, పట్టుచీర కట్టుకో అన్నారని. పెళ్లయిన పదేళ్లకు బుద్ధొచ్చిందని మురిసిపోయి, జడలో కనకాంబరాలు కూడా పెట్టుకున్నాను.

స్కూటర్ దిగేసరికి అరుగు మీద ఆ పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఒళ్లో జోడు గొట్టాల తుపాకీ.

నేను స్కూటర్ పక్కనే ఆగిపోయాను. ఈయన మాత్రం చుట్టాలింటికొచ్చినట్టు చెప్పులు విడిచి, "బాబాయిగారూ, మా ఇంటావిణ్ణి తీసుకొచ్చానండి. పిన్నిగారు లోపలున్నారాండి?" అన్నారు.

పెద్దాయన నన్నూ, నా పట్టుచీరనూ చూశారు. మొగుడూ పెళ్లాం కలిసి గుమ్మంలోకొస్తే, ఎంత పడనివాళ్లనైనా రమ్మనకుండా ఉండటం మా వైపు కుదరదు. ఆయన తుపాకీ గోడకు ఆనించి లోపలికి కేకేశారు. ఆ పిన్నిగారు వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చెయ్యి చల్లబడిపోయిందని కాఫీలో ఇంకో చెంచా పంచదార వేశారు. ఆవిడ చెయ్యీ చల్లగానే ఉంది.

అరుగు మీద ఈయన చట్టం ఊసెత్తలేదు. ఎన్నికలయ్యేదాకా గస్తీ బీటు ఆ వీధిలోంచే తిప్పుతానన్నారు. పక్క పొలం వాళ్ల తుపాకీ ముందే వచ్చిందని రసీదు పుస్తకం తీసి చూపించారు.

"వాళ్లూ ఇచ్చేశారా?" అన్నారు పెద్దాయన పుస్తకం మీదికి వంగి.

"ఆయ్, ఇచ్చేశారండి. ఇదిగో సంతకం."

పెద్దాయన తూటాలు రెండూ తీసి ఈయన చేతిలో పెట్టారు. పిన్నిగారు నాకు బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డా అరటిపళ్లూ పెట్టి తాంబూలం ఇచ్చారు. ఆపైన తుపాకీని తన పాత చీరలో చుట్టి నా చేతుల్లోనే పెట్టి, "జాగ్రత్తమ్మా, బరువు" అన్నారు.

ఊరు దాటాక స్కూటర్ ఆపించాను. నోటికొచ్చినట్టు తిట్టాను. నన్ను అడ్డం పెట్టుకున్నారా, పిల్లలకు తల్లి అక్కర్లేదా అని అడిగాను. ఆయన అన్నీ పడ్డారు.

"ఆయన కాల్చడని నాకు తెలుసు. నా మీదే నాకు నమ్మకం లేదు" అన్నారు.

అప్పుడు చెప్పారు. రెండేళ్ల క్రితం ఒక కూలీ మనిషి ఈయన ఎదుట నడుం దగ్గర పంచె రొంటిన చెయ్యి పెట్టాడట. నాటు తుపాకీ అనుకుని ఈయన లాఠీతో కొట్టారు. మణికట్టు విరిగింది. రొంటిలోంచి కిందపడింది చుట్ట.

"భయపడ్డ పోలీసోడు ఆగలేడే. నువ్వు పక్కనుంటే నా చెయ్యి లేవదనుకున్నాను."

రెండేళ్లు ఆ చుట్టను ఒక్కరే మోశారని నాకు ఏడుపొచ్చింది. అయినా మూడు రోజులు మాట్లాడలేదు. ముందే చెప్పనందుకు ఇప్పటికీ క్షమించలేదు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఒకింటివాళ్లు తుపాకీ తేలేదని విన్నాను. ఆ మధ్యాహ్నం ఆయన పంచె కట్టుకుని, నన్ను అడగలేక, వాకిట్లో స్కూటర్ తుడుస్తూ నిలబడ్డారు. తుడిచిందే తుడుస్తున్నారు. నేను బీరువా తీసి ఆ పట్టుచీరే కట్టుకుని వచ్చి వెనక కూర్చున్నాను. ఈసారి తెలిసే కట్టుకున్నాను.